ఏరిన మాటలు

"ఈ డబ్బాలో చెడ్డమాట పడితే, దాన్ని బయటికి తీసే దారి ఉందా అండీ?"

గోడకి మేకు కొట్టకముందే నేనడిగిన మాట అది. నిచ్చెన మీదున్న మనిషి సుత్తి ఎత్తినవాడల్లా ఆగిపోయాడు. కింద నిలబడి వైరు చుట్ట విప్పుతున్న డాక్టర్ షమీమ్ గారు తలెత్తి చూశారు.

"చెడ్డమాటంటే బూతులా అమ్మా?"

"బూతులు మా ఇంట్లో ఎవరూ మాట్లాడరండి. అనకూడని మాటలు."

"ఇల్లన్నాక అనకూడనివి కూడా అంటాం కదా."

"మేం అనమండి."

అది అబద్ధం కాదు. మా ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. గడప దాటేవాళ్ళు వెళ్తానని అనరు, వస్తానంటారు. మా అమ్మ నన్నలా పెంచింది. తథాస్తు దేవతలు మన నెత్తి మీదే తిరుగుతుంటారు, నోరు జారిన మాటకి ఏ క్షణాన తథాస్తంటారో తెలీదు అనేది. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని. సైన్సు నాకు తెలియదు గానీ, ఇది తెలుసు. మా అమ్మాయి లాస్యకి జ్వరం తగిలిన రోజు పొద్దున్న, స్కూలు ఆటో హారన్ కొడుతుంటే, మా ఆడపడుచు నూకరత్నం వీధిలోంచి నవ్వుతూ "నీ బుర్ర పాడవ్వ, ఆ జడెంతసేపే" అంది. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. వారం తిరక్కుండా జ్వరం మెదడుకెక్కింది. ముద్దుగా అందని మా ఆయన అంటారు. తథాస్తు దేవతలకి ముద్దు మాటేదో, కాని మాటేదో ఎవరు విడమరిచి చెబుతారు?

పిల్ల దక్కింది. నడుస్తుంది, తింటుంది, జడ కూడా తనే వేసుకుంటుంది. మాటలే పోయాయి. గొంతు బాగానే ఉంది, చెవి బాగానే ఉంది, మనం చెప్పేదంతా అర్థమవుతుంది. మనసులో ఉన్నదాన్ని తీసుకెళ్ళి మాటకి తగిలించే దారి లోపల తెగిపోయిందన్నారు. రాయమంటే రాయలేదు. వేలు పెట్టి చూపించమంటే వేలు ఇంకోవైపు పోయేది. అవునన్నచోట కాదన్నట్టు తల ఊపి, తప్పు ఊపానని తనకే తెలిసి, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకునేది. పదహారేళ్ళ పిల్ల.

డాక్టర్ షమీమ్ గారంటే మందులిచ్చే డాక్టరు కాదు. మా కాకినాడలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆవిడకో ప్రయోగశాల ఉంది. ఆవిడ కనిపెట్టిందేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పడానికి, మా వంటింటి గట్టు మీద టాబ్ పెట్టి కూర్చున్నారు.

"నెట్ సెంటర్లో అప్లికేషన్ నింపించుకున్నారా ఎప్పుడైనా? జిల్లా అన్న గడిలో చిన్న బాణం నొక్కితే పేర్లు కిందికి జారతాయి. కాకినాడ అని పట్టుకుంటే, పక్క గడిలో కాకినాడ జిల్లా మండలాలే వస్తాయి. ఆ పేజీలో ఎవరూ కూర్చుని అవన్నీ రాయలేదు. ఎక్కడో డేటాబేస్‌లో ఉంటాయి. మీరు అడిగిన క్షణాన అందులోంచి తెచ్చి గడి నింపుతుంది. ఇదీ అంతే. కాకపోతే జిల్లాలకి బదులు పాప మాటలు."

"మాటలు దానికి రావు కదండీ."

"చెప్పడం రాదు. చూస్తే గుర్తుపడుతుంది. కావలసిన మాట కంటపడగానే లోపల ఒక మెరుపు మెరుస్తుంది. తలకి కట్టే ఈ పట్టీ ఆ మెరుపుని పట్టుకుంటుంది. వెంటనే ఆ మాటకి తగ్గ తర్వాతి మాటలతో పక్క గడి నిండుతుంది."

మొదట్లో ఆ డేటాబేస్‌లో నిఘంటువు మొత్తం పోశారట. ఒక్క రోగికీ ఒక్క మెరుపూ రాలేదట. అక్షరాలు చీమల బారులా కనిపించాయేమో పాపం. విసిగిపోయి ఒక తల్లి ఇంట్లో మాట్లాడుకున్న మాటలే పోసి చూస్తే, ఆమె కొడుకు చటుక్కున నీళ్ళడిగాడట. తను ఉన్న గదిలో, తన మనుషుల నోట విన్న మాటైతేనే దెబ్బ తిన్న మెదడు దాన్ని మాటగా ఒప్పుకుంటుంది. షమీమ్ గారు కనిపెట్టింది అదే. అందుకే గోడకి ఆ తెల్ల డబ్బా. దాన్ని వాళ్ళు 'చెవి' అంటారు. ఇంట్లో అన్నవన్నీ విని దాచిపెడుతుంది. ఏ ఇంటి మాటలు ఆ ఇంటి చెవిలోనే, ఇంకో ఇంటి చెవిలోకి పోవు. పిల్ల ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి మాటలతోనే జాబితా నిండుతుంది, బయటికి వెళ్తే చివరగా ఉన్న ఇంటి మాటలే టాబ్‌లో ఉంటాయి.

"మీరడిగినదానికి దారి ఉందమ్మా," అన్నారావిడ. "ఇంటి పెద్ద ఒకరు రోజూ మాటలు చూసి, వద్దనుకున్నవి కొట్టేయొచ్చు. కొట్టేసిన మాటని ఇంకెవరు పలికినా చెవి తీసుకోదు. తిరిగి కావాలంటే కొట్టేసిన మనిషే, ఆ గదిలో, నోరు విప్పి అనాలి. నాకైనా తెరవదు. ఇంటి పెద్దగా ఎవరి పేరు పెట్టమంటారు?"

"నాది," అన్నాను, మా ఆయన నోరు తెరిచేలోపు.

చెవి నాలుగు రోజులు విన్నాక లాస్య తలకి పట్టీ కట్టారు. "ఏం కావాలమ్మా?" అని నేనడిగాను. తెరమీద జాబితా జారింది. లాస్య చూపు అన్నం దగ్గర ఆగింది. పక్క గడి నిండింది: పెట్టు, వడ్డించు, ఉడికింది, కలుపు. టాబ్‌లోంచి మాట వచ్చింది. పాత ఫోను వీడియోల్లోంచి అల్లిన గొంతు, అచ్చం నా కూతురిది.

"అన్నం. కలుపు."

పదో తరగతికి వచ్చేదాకా నా చేతి ముద్దలే తిన్న పిల్ల అది. కంచంలో నెయ్యి వేస్తున్నానో కన్నీళ్ళు వేస్తున్నానో నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం నుంచీ నాకో పని కుదిరింది. చాటలో బియ్యం పోసుకుని రాళ్ళేరినట్టు, కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఆ రోజు మాటలు ఏరేదాన్ని. చావు, చచ్చు, శని, ఏడుపు, జ్వరం. టీవీ వార్తల్లోంచి వచ్చి పడ్డ ప్రమాదం. మా ఆయన మోకాలు పట్టుకుని అన్న నొప్పి. నేను నోరు జారిన భయం. వద్దు, లేదు, పో. ఒక్కొక్కటీ వేలితో కొట్టేస్తుంటే ఇల్లు ఊడ్చినంత హాయిగా ఉండేది. నా కూతురి నోట్లోకి రాయి అన్నది రాకూడదు. అది చెడ్డమాట అనలేకపోతే తథాస్తు అనేవాళ్ళకీ పనుండదు.

పగలు నేను యూనిఫారాలు కుట్టే షెడ్డుకి వెళ్ళాలి. ఆయనది ఐసు ఫ్యాక్టరీలో షిఫ్టు. అందుకని పగలంతా లాస్య రెండు వీధుల అవతల నూకరత్నం ఇంట్లో ఉండేది. నూకరత్నం మా ఆయన చెల్లెలు. మొగుడు తునిలో, ఈవిడ ఇక్కడ. ఎందుకని ఎవరైనా అడిగితే "ఆయనకి తుని గాలి పడింది, నాకు పళ్ళేదు" అని తేల్చేస్తుంది. పిల్లల్లేరు. సాయంత్రం ఇంటి ముందే బజ్జీల బండి పెడుతుంది. పిల్ల అక్కడ ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి అక్కడా ఒక చెవి పెడతామన్నారు షమీమ్ గారు. నాకు ఇష్టం లేదు. ఇష్టం లేదని చెప్పడానికి కారణం దొరకలేదు. ఆ ఇంటి పెద్ద నూకరత్నమే. ఏరడం గీరడం ఆవిడకి తెలియదు, "ఇన్నదేదో ఇన్నాది, పడుండనీ" అంది.

ఒకరోజు షెడ్డులో కరెంటు పోయి తొందరగా వదిలేశారు. లాస్యని తీసుకెళ్దామని వెళ్ళి, తలుపు తొయ్యబోతూ ఆగిపోయాను. లోపల నా కూతురి గొంతు.

"అత్తా. బజ్జీ. చెప్పులాగుంది."

"సరిగ్గా సూడెహె. చెప్పులాగుందా, నీ మొకంలాగుందా?"

కొంచెం ఆగి, "నీ. మొకం. ఏపితే. ఇలాగే."

నూకరత్నం పడీ పడీ నవ్వింది. గిన్నె కింద పడ్డ చప్పుడు. "ఓసి నీ జిమ్మడ, అత్తనని లేదేంటే నీకు?"

"లేదు," అంది నా కూతురు. "పో."

తలుపు సందులోంచి చూశాను. లాస్య మొహంలో వెలుగుంది. జ్వరానికి ముందు మొహం అది. మళ్ళీ వస్తుందని నేను మొక్కులు మొక్కిన మొహం. వచ్చింది, వచ్చి ఆవిడింట్లో కూర్చుంది. మా ఇంటికి రావడానికి దారి తెలియనట్టు.

లోపలికి వెళ్ళి చెయ్యి పట్టుకుని లేపాను.

"కూకో ఒదినా, ఏడేడిగా తిను," అంది నూకరత్నం.

"పనుంది," అన్నాను.

ఇంటికొచ్చి పట్టీ కట్టి, పక్కన కూర్చుని, తల నిమురుతూ అడిగాను. "అత్త దగ్గర ఏం చేశావమ్మా?"

జాబితా జారింది. లాస్య చూసింది, చూసింది. "బాగున్నాను."

"ఏం తిన్నావు?"

"తిన్నాను. బాగుంది."

"అమ్మతో ఏమైనా చెప్పు."

"సరే," అంది. ఆ తర్వాత ఏమీ లేదు.

అక్కడ ప్రతి మాటకీ ముందు అత్తా అంటుంది. ఇక్కడ ఒక్కసారి అమ్మా అని పిలవలేదు. కన్నది నేను. ఆసుపత్రి బల్ల కింద చాప పరుచుకుని పడుకున్నది నేను. మా ఆయన డ్యూటీ నుంచి రాగానే నిలదీశాను. "మీ చెల్లెలి దగ్గర గంగిరెద్దుల మేళంలా మాట్లాడుతుంది. నా దగ్గరికొస్తే మాటలకి కరువా?"

"నీ దగ్గర బాగుంది కాబట్టి బాగున్నానంటంది. సంతోషించవే."

"నా పిల్ల మనసు విరిచేస్తోంది ఆవిడ. మీకు కనబడదు."

"అది బజ్జీలిరుస్తుంది గానీ మనసులిరవడం దానికెక్కడొచ్చు," అని ఆయన తువ్వాలు తీసుకుని స్నానానికి పోయారు.

ఆ వారంలోనే, నేను పిల్లని తీసుకెళ్ళడానికి వెళ్తే, బండి దగ్గర శనగపిండి కలుపుతూ నూకరత్నం అంది. "ఒదినా, పిల్ల తల నొప్పంటంది. నిన్నా అంది, ఇయాలా అంది."

నా గుండె జారిపోయింది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు పెద్ద డాక్టరు మరీమరీ చెప్పారు. తలలో నీరు చేరవచ్చు, తలనొప్పన్నా, వాంతి అయినా, ఆలస్యం చెయ్యకుండా తీసుకురమ్మన్నారు. ఆలస్యమైతే ఏమవుతుందో ఆయన చెప్పబోతే నేనే చెవులు మూసుకున్నాను. గుండె జారిన మరుక్షణమే ఇంకోటి లేచింది.

"నాతో అనలేదే."

"నీతో అన్లేదేమో. నాతో అంది."

ఆ మాట నూనెలో నీటి చుక్క పడ్డట్టు పడింది. "కన్నతల్లితో చెప్పని నొప్పి నీతో చెప్పిందా?"

"ఏమో మరి. దాన్నే అడుగు."

ఇంటికెళ్ళి అడిగాను. చెప్పులైనా విప్పకుండా అడిగాను. "తల ఎలా ఉందమ్మా?"

జాబితా జారింది. లాస్య చూపు పైనుంచి కిందికి వెళ్ళింది. కిందినుంచి పైకి వచ్చింది. పోగొట్టుకున్న చెవి దిద్దు వెతుకుతున్నట్టు మళ్ళీ వెళ్ళింది. చివరికి ఎక్కడో ఆగింది.

"బాగుంది."

"చూశారా," అన్నాను మా ఆయనతో. ఆ సంతోషంలో అప్పుడు చెప్పులు విప్పాను. "పిల్లని తన దగ్గరే ఉంచుకోవడానికి ఎత్తు. రేపు ఆసుపత్రికి తనే తీసుకెళ్తానంటుంది, ఎల్లుండి నా పిల్లే అంటుంది."

ఆయన లాస్య వంక చూసి, నా వంక చూశారు.

మర్నాడు షెడ్డుకి సెలవు చెప్పి ప్రయోగశాలకి వెళ్ళాను. అక్కడ ఒక ముసలాయన పట్టీ కట్టుకుని తెర ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య పక్కన కూర్చుని, గోడ మీది చెవి వైపు తిరిగి, ఇంటి పక్కవాళ్ళని పేరు పేరునా తిడుతోంది. ఆయన మొహం విచ్చుకుంటోంది.

"మాటలు పోస్తున్నారు," అన్నారు షమీమ్ గారు నవ్వుతూ. "ఆయనకి ఇష్టమైనవి అవేనట."

నేను నవ్వలేదు. "మా ఆడపడుచు ఇంట్లో చెవి తీసేయండి. అక్కడ పిల్ల మొరటు మాటలు నేర్చుకుంటోంది."

"నేర్చుకోవడం కాదమ్మా. అక్కడ దొరుకుతున్నాయి, వాడుకుంటోంది." ఆవిడ కుర్చీ నా పక్కకి లాక్కున్నారు. "మీ ఇంటి చెవిలో ఏమున్నాయో నాకు కనబడవు. ఎన్ని ఉన్నాయో మాత్రం తెలుస్తుంది. ఆ ఇంట్లో ఉన్నవాటిలో నాలుగో వంతు కూడా లేవు మీ ఇంట్లో."

"మంచివి ఎప్పుడూ తక్కువే ఉంటాయి కదండీ."

"ఒక పని చేస్తారా? పట్టీ అక్కర్లేదు. మీరే ఒకసారి పాప కుర్చీలో కూర్చుని, నోరు కట్టేసుకుని, వేలితో ఆ గడులు నొక్కి మాట్లాడి చూడండి."

"నాకు నోరుంది కదండీ."

"అందుకే అంటున్నాను."

చదువుకున్నవాళ్ళ మాటల్లో ఎప్పుడూ ఒక మెలిక ఉంటుంది. నాకు కోపం వచ్చింది. ఆవిడ ఎవరి పక్షమో తెలిసిపోయిందనుకుని లేచి వచ్చేశాను. చెవి తియ్యకపోతే ఏం, పిల్లని పంపకపోతే సరి. షెడ్డు మేస్త్రికి కొన్నాళ్ళు రానని కబురు చేశాను.

పిల్ల రాలేదని నూకరత్నం మధ్యాహ్నమే వచ్చింది. గేటు బయటే నిలబెట్టి మాట్లాడాను.

"నామీద కోపముంటే తిట్టు ఒదినా. పిల్లని మాత్రం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు. నేను రాను, నువ్వే తీసుకెళ్ళు."

"తీసుకెళ్ళడానికి దానికేమైంది? నా ఎదురుగా బాగుందని చెప్పింది."

"నాకాడ నొప్పంటందే తల్లీ."

"నీ దగ్గర నీ మాటలే వస్తాయి. ఒకసారి నోరు జారావు, దాని బుర్ర ఏమైందో చూశావు కదా. మళ్ళీ ఏం తెప్పిస్తావు దాని మీదికి?"

అంత నోరున్న నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గేటు గొళ్ళెం మీద చెయ్యి తీసి, వెనక్కి తిరిగి, బజ్జీల పిండి అంటిన ఆ చేతిని చూసుకుంటూ వెళ్ళిపోయింది. గెలిచానని అనుకున్నాను.

లాస్య ఇక నాదే. పొద్దున్న నాతో, మధ్యాహ్నం నాతో. దానికిష్టమైనవన్నీ వండాను. "బాగుంది," అంది. ఇంకా ఏం కావాలంటే "చాలు" అంది. మర్నాటికి అదీ మానేసింది. జాబితా జారుతుంది, చూపు ఒకసారి దాని మీద తిరుగుతుంది, కిటికీ వైపు పోతుంది. టాబ్ కాసేపు చూసి జాబితాని తనే మూసేసుకుంటుంది. నేను మళ్ళీ అడుగుతాను. మళ్ళీ జారుతుంది. అత్త మీద బెంగ అనుకున్నాను. ఆ బెంగ నామీద ఎందుకు లేదని కుళ్ళిపోయాను. ఎదురుగా కూర్చునే నామీద బెంగ ఎలా ఉంటుందని తోచలేదు.

మూడో రోజు పొద్దున్నే తిన్న ఇడ్లీ కక్కుకుంది. "అత్త నూనె సరుకులు ఇంకా అరగలేదు," అని వాము నీళ్ళు తాగించాను. కాసేపటికి మళ్ళీ కక్కుకుంది. చీపురు తేవడానికి పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి, లాస్య కిటికీ దగ్గర నిలబడి, నుదురు ఊచలకి గట్టిగా ఆనించి ఉంది. ఊచ అచ్చు పడేంత గట్టిగా. కాసేపు ఒక ఊచకి, అది వెచ్చబడ్డాక పక్క ఊచకి.

చీపురు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా చిన్నప్పుడు మా నాన్న తలపోటు వస్తే నీళ్ళ కుండకి నుదురు ఆనించి కూర్చునేవాడు.

"తల ఎలా ఉందమ్మా?" అన్నాను. తెర మీద జాబితా జారింది. లాస్య తిరగనైనా తిరగలేదు.

అప్పుడు దాని కుర్చీలో నేను కూర్చున్నాను. అన్ని రోజులూ దాని మొహమే చూశాను, తెర మీద దానికి ఏం కనబడుతోందో ఒక్కసారీ చూడలేదు. నా ప్రశ్నకి నిండిన జాబితా ఇంకా తెరిచే ఉంది. బాగుంది. చాలా బాగుంది. హాయిగా ఉంది. చల్లగా ఉంది. అంతే. గడిని ఇంకా కిందికి లాగాను. లేదు. మొదటి గడిలో తల అన్న మాట నొక్కాను. పక్క గడి నిండింది: దువ్వు, అంటుకో, తుడువు, నూనె. నాకు అన్న మాట నొక్కాను: ఇష్టం, చాలు, కావాలి. నాకు అన్న మాట పక్కన నా గొంతులో అడ్డంపడి ఉన్న మాట ఒకటుంది. దాన్ని వెతికాను. లేదు. రాళ్ళన్నీ ఏరేశాను. చాటలో గింజలు కూడా మిగల్లేదు.

ఇలాంటి కంచం ముందు పెట్టి, ఏం తింటావని రోజూ అడిగాను దాన్ని.

ఆటోకోసం పరిగెత్తాల్సిన మనిషినే. కాళ్ళు కదిలాయి కూడా. కానీ ఆసుపత్రిలో మొదట అడిగేది పిల్లనే. ఎక్కడ, ఎప్పట్నుంచి, ఎంత అని. టాబ్ పట్టుకెళ్ళినా అది ఈ ఇంటి మాటలే మోసుకెళ్తుంది. అక్కడ కూడా బాగున్నాను అంటుంది నా కూతురు, బాగున్నవాళ్ళని ఇంటికి పంపేస్తారు. మా ఆయనకి ఫోను చేసి ఆటో తెమ్మన్నాను. నూకరత్నాన్ని కూడా ఎక్కించుకు రమ్మన్నాను. ఆయన ఎందుకని అడగలేదు.

కిటికీ తలుపు ఒకటి మూశాను. ఎవరికి వినపడకూడదని మూశానో నాకే తెలుసు. రెండోదాని దగ్గర లాస్య నుదురు ఆనించి ఉంది, మూయలేకపోయాను. గోడ మీది చెవి ఎదురుగా నిలబడ్డాను.

"నొప్పి," అన్నాను.

చెవి మీద పచ్చ దీపం ఒకసారి కన్ను మూసి తెరిచింది. పైకప్పు విరిగి పడలేదు.

"తలనొప్పి. పోటు. మంట. వద్దు. లేదు. ఏడుపు. పో."

లాస్య ఊచల మీంచి నుదురు తీసింది.

"జ్వరం," అన్నాను. "బుర్ర పాడవ్వ," అన్నాను, నూకరత్నం ఎలా అందో అలాగే. అంటుంటే తెలిసింది, ఆ మాట వెనక నవ్వు ఉందని. "భయం. నాకు భయం. చావు. నువ్వు చచ్చిపోతావేమోనని నాకు భయం లాస్యా. చచ్చేంత భయం. మీ అత్తంటే కుళ్ళు. నువ్వు దాని దగ్గర నవ్వుతుంటే నాకు కుళ్ళు."

పచ్చ దీపం మిణుకు మిణుకుమంటూనే ఉంది. దాచిపెట్టుకుంటోంది అన్నీ. వచ్చి నా కూతురిని కుర్చీలో కూర్చోబెట్టాను. పట్టీ జారితే సర్దాను. నేను కింద, దాని మోకాళ్ళ దగ్గర కూర్చున్నాను.

తర్వాత జరిగినవి నేను చాలామందికి చెప్పాను. ఆటోలో దాని తల నూకరత్నం ఒళ్ళో, కాళ్ళు నా ఒళ్ళో ఉన్నాయని చెప్పాను. తల ఆవిడ ఒళ్ళోకి ఎలా వెళ్ళిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు, ముందు కూర్చున్నది నేనే. అక్కడి డాక్టరు అడిగినవాటన్నిటికీ లాస్య తనే జవాబు చెప్పిందని, తలలో చేరిన నీరు తీశారని, చెవి వెనక కుట్టు మీద ఇప్పుడు జుట్టు మొలిచిందని, ఆ జుట్టు ముళ్ళపందిలా ఉందని అత్త అంటే నీ నోరు అంతకంటే నయమా అందని కూడా చెప్పాను. ఆటో రాకముందు ఆ గదిలో ఉన్న నిశ్శబ్దం గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"తల ఎలా ఉందే?" అని అడిగాను.

జాబితా జారింది. ఈసారి పొడుగ్గా, ఆగకుండా, తెర అంచు దాటి కిందికి జారుతూనే ఉంది. లాస్య చూపు కదలలేదు. నావంకే చూసింది. మాటలు చూడమ్మా అన్నాను. చూడలేదు. నా మొహంలో ఏదో వెతికింది. చెబితే ఈ మనిషి ఏమైపోతుందోనని చూస్తోందని ఆలస్యంగా అర్థమైంది. అలాంటి చూపుతోనే మా ఇంట్లో నేను అందర్నీ చూస్తాను.

"భయపడతాను," అన్నాను. "భయపడనని చెప్పలేను. అయినా చెప్పు."

పక్కింటి కుక్కర్ కూత పెట్టి ఆగింది. ఎండ కిటికీలోంచి గచ్చు మీదికి వచ్చి, లాస్య కాళ్ళ దాకా పాకింది. నేను మళ్ళీ అడగలేదు. దాని చేతిని పట్టుకుని, నోరు మూసుకుని, జీవితంలో మొదటిసారి ఏ దేవుడినీ ఏమీ కోరకుండా కూర్చున్నాను.

ఎంతసేపటికో లాస్య చూపు తెర మీదికి వెళ్ళింది. మెల్లగా కిందికి దిగింది. ఆగింది. పక్క గడి నిండింది. అక్కడా ఆగింది.

"నొప్పి," అంది నా కూతురు. "చచ్చేంత నొప్పి. అమ్మా."